ముప్పయ్యో నంబరు రంగు

"మా అల్లుడు బద్ధకస్తుడు కాడని నేను ఎవరి దగ్గరా ఒట్టు పెట్టను," అంది ఆపరేటరు అత్తగారు, గేటు పక్కన బెంచీ మీద నుంచి లేవకుండానే. "సెలవు రోజు ఆయన్ని మంచం దించాలంటే ఇద్దరు మనుషులు కావాలి. కానీ పిన్నిగారూ, కుక్కరు నాలుగో కూత వేస్తే స్నానాల గదిలోంచి ఒళ్ళంతా సబ్బు నురగతో పరిగెత్తుకొచ్చి స్టవ్ కట్టేసే మనిషి. మెకానిక్కు ప్రాణం పోతోందని కళ్ళెదురుగా ఎర్రటి అక్షరాలు వెలుగుతుంటే కాళ్ళు జాపుకుని కూర్చున్నాడంటే నేను చచ్చినా నమ్మను."

"నన్ను పిలిచింది మీ అమ్మాయి అనుకున్నాను."

"అది ఏడుస్తూ కూర్చుంది. ఏడుపు అది చూసుకుంటుంది, పని నేను చూసుకుంటున్నాను."

పిన్నిగారికి ఆవిడ నచ్చింది. ఒక విషయం ఇక్కడే చెప్పాలి. పిన్నిగారు ఎవరికీ పిన్ని కాదు. ఆవిడకు అక్కా లేదు, పెళ్ళీ లేదు, కాబట్టి లెక్క ప్రకారం ఆ వరస కలిసే దారే లేదు. వీధి చివర రెండు గదుల ఆఫీసు తెరిచి ప్రైవేటు డిటెక్టివ్ అని బోర్డు పెట్టుకున్న రోజు నుంచీ కక్షిదారులు అలా పిలవడం మొదలుపెట్టారు. కాదనే ఓపిక లేక ఆవిడ ఊరుకుంది.

కేసు వినడానికి చిన్నదే. అదొక కోల్డ్ స్టోరేజీ. నాలుగు పెద్ద గదులు, వాటిని చల్లబరిచేది అమ్మోనియా గ్యాసు. మొన్న మధ్యాహ్నం మూడో గదిలో గ్యాసు లీకై లోపల పని చేస్తున్న మెకానిక్కు పడిపోయాడు. ఇప్పటికీ ఆస్పత్రిలో తెలివి లేకుండా ఉన్నాడు. లీకు సంగతి కంట్రోలు రూములోని కంప్యూటరుకు తెలిసింది, అది ఆపరేటరుకు చెప్పింది, ఆపరేటరు సైరన్ నొక్కలేదు. సాయంత్రం లోపల అతన్ని అరెస్టు చేస్తామని పోలీసులు చెప్పేశారు. ఆస్పత్రిలో ఊపిరి ఆగితే కేసు ఇంకా బిగుస్తుంది.

మేనేజరు మర్యాదస్తుడు. తనే ఎదురొచ్చి పిన్నిగారిని కంట్రోలు రూము దాకా తీసుకెళ్ళాడు.

"పొద్దున్న యంత్రాలు మళ్ళీ ఆడించాంలెండి, లేకపోతే సరుకంతా పాడైపోతుంది. ఇక ఆ కంప్యూటరు గోల నన్ను అడక్కండి. నాకు అదీ టీవీ ఒకటే. ఆకుపచ్చగా ఉంటే కూర్చుంటాను, ఎర్రగా ఉంటే లేస్తాను."

"ఈ పాటి జ్ఞానం చాలండీ," అంది పిన్నిగారు. ఆయన నవ్వి తన గదికి వెళ్ళిపోయాడు.

కంట్రోలు రూములో ముగ్గురున్నారు. కుర్చీలో ఆపరేటరు తల వంచుకుని కూర్చున్నాడు, ముప్పై అయిదేళ్ళుంటాయి, గడ్డం పెరిగి ఉంది. కిటికీ దగ్గర కంప్యూటర్లు చూసే ఇంజనీరు, గోళ్ళు కొరుక్కుంటున్నాడు. మధ్యలో ఇన్‌స్పెక్టరు. గతంలో ఆయన పట్టుకున్న ఇద్దరిని పిన్నిగారు నిర్దోషులని తేల్చి ఇంటికి పంపింది. ఆ మంట ఆయనకు ఇంకా చల్లారలేదు.

"రండి మేడమ్. ఈసారి మీరు అనవసరంగా శ్రమపడ్డారు," అన్నాడు. "ఈ కేసులో సాక్షి మనిషి కాదు. కంప్యూటరు. భయపెడితే భయపడదు, బతిమాలితే మాట మార్చదు."

"ఏం చెప్పింది మీ సాక్షి?"

ఇన్‌స్పెక్టరు ఇంజనీరుకు సైగ చేశాడు. ఇంజనీరు తెర చూపించాడు. పాతకాలపు నల్లటి తెర. బొమ్మలు లేవు, బటన్లు లేవు, అక్షరాలే. ఒక్కో గది పేరూ పక్కన 'సరే' అని ఆకుపచ్చగా, నిమిషానికోసారి కింద కొత్త వరసలు వచ్చి చేరుతున్నాయి.

"ఇది నేను రాసిన షెల్ స్క్రిప్టండీ," అన్నాడు ఇంజనీరు. "అంటే కంప్యూటరుకు వరసగా చెప్పిన పనులు. గదుల్లో గ్యాసు ఎంతుందో చూడు, బాగుంటే ఆకుపచ్చగా రాయి, బాగోకపోతే ఎర్రగా రాయి, అని. ప్రమాదం రాస్తే అక్కడితో ఆగిపోతుంది. అందిందా అని అడుగుతుంది. ఆపరేటరు జవాబు కొట్టేదాకా ముందుకు కదలదు, కొట్టాక ఆ గదిని కాసేపు వదిలేసి మిగతావి చూస్తుంది."

"సైరన్ దానంతట అది మోగదా?"

"మొదట్లో మోగేదండీ. ఊరికే మోగి మోగి జనం పట్టించుకోవడం మానేశారు. అందుకని మనిషి నొక్కేలా మార్చాం."

"హెచ్చరిక వచ్చింది," అని ఇన్‌స్పెక్టరు అందుకున్నాడు. "రెండు నిమిషాల తర్వాత ఈయనగారు జవాబు కొట్టారు. కంప్యూటరులో ఉంది. చూశాడు, జవాబిచ్చాడు, కూర్చున్నాడు. ఇంకేం కావాలి?"

పిన్నిగారు ఒక కుర్చీ లాక్కుని ఆపరేటరుకు ఎదురుగా కూర్చుంది.

"చెప్పు నాయనా. ఏం చూశావు?"

"చెప్తే నవ్వుతున్నారండీ."

"నేను అంత తేలిగ్గా నవ్వనులే. మీ అత్తగారిని అడుగు."

అత్తగారి పేరెత్తేసరికి ఆపరేటరు కొంచెం నిటారుగా కూర్చున్నాడు. "కీబోర్డు చచ్చిపోయిందండీ."

ఇన్‌స్పెక్టరు నవ్వనే నవ్వాడు. "మొన్న సాయంత్రమే పరీక్ష చేయించాం మేడమ్. నిక్షేపంలా ఉంది."

"ఆయన్ని చెప్పనివ్వండి. చచ్చిందంటే?"

"ఆకుపచ్చ వరసలు వస్తూ వస్తూ ఆగిపోయాయండీ. కింద అంతా ఖాళీ. ఏమైందా అని ఒక మీట నొక్కా. అక్షరం పడలేదు. ఇంకోటి నొక్కా. పడలేదు. చేతికందినవన్నీ కొట్టా. చివరికి ఒళ్ళు మండి ఎంటర్ మీద ఒక్కటిచ్చుకున్నా. మళ్ళీ ఆకుపచ్చ వరసలు మామూలుగా రావడం మొదలెట్టాయి. పాత సామాను కదా, మొండికేసింది, సర్దుకుంది అనుకున్నా."

"ఎర్రగా ఏమీ రాలేదా?"

"నా పిల్లల మీద ఒట్టండీ. ఒక్క చుక్క ఎరుపు కనిపించినా నేను ఈ కుర్చీలో ఉండేవాణ్ణా? ఆ మెకానిక్కూ నేనూ ఒకే క్యారేజీలో తినేవాళ్ళం."

పిన్నిగారు ఇంజనీరు వైపు తిరిగింది. "మొన్నటి జవాబు దాచిపెట్టి ఉంటుంది కదా. ఏమని ఉంది?"

ఇంజనీరు రెండు ముక్కలు కొట్టి, తెర మీదకు వంగి, నొసలు ముడిచాడు. "జె, జె, జె, కె, కె... ఎఫ్... మళ్ళీ జె, జె... అర్థం పర్థం లేదండీ. బోలెడన్ని ఉన్నాయి."

"అందిందా అంటే అందింది అనడానికి ఎన్ని అక్షరాలు కావాలి?"

"ఒక్కటి చాలు."

"భయంతో చేతులు వణికి ఉంటాయి," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"వణికితే పక్క మీట మీద పడతాయి. ఇలా కీబోర్డంతా ఉతికి ఆరేయవు."

ఇన్‌స్పెక్టరుకు ఆ మాట రుచించలేదు. తలుపు దగ్గరున్న కానిస్టేబులును పిలిచాడు. "ఇతన్ని మూడో గదికి తీసుకెళ్ళు. సైరన్ మోగితే మెకానిక్కు ఏ దారిన బయటికి రావచ్చో, లోపల ఏదెక్కడుందో అన్నీ చూపించమను. నెమ్మదిగా, వివరంగా రాసుకో. అరెస్టుకు ముందు ఆ పని అయిపోవాలి."

ఆపరేటరు లేచి కానిస్టేబులు వెంట వెళ్ళాడు. చెప్పులు సరిగ్గా తొడుక్కోలేదు.

"నీ స్క్రిప్టు తెరిచి చూపించు బాబూ," అంది ఇంజనీరుతో. "నాకు రాదు. చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పు."

ఇంజనీరు తెర మీద పక్కన స్క్రిప్టు ఫైలు తెరిచాడు. ఫైలు పైనుంచి కిందికి జారింది. తన చేతి రాత చూసుకుంటే ఎవరికైనా ధైర్యం వస్తుంది కాబోలు, గోళ్ళు కొరకడం ఆపేశాడు.

"అక్షరాలకు రంగు పెట్టాలంటే వాటి ముందు ఒక గుర్తు రాయాలండీ. ఇదిగో, ఇలా." తెర మీద వేలు పెట్టాడు. \e[32m అని ఉంది అక్కడ. "కంప్యూటరు దీన్ని అచ్చు వేయదు. ఓహో, ఇక్కణ్ణించి రంగు మార్చమంటున్నారు అని అర్థం చేసుకుంటుంది. ముప్పై రెండు అంటే ఆకుపచ్చ. ముప్పై ఒకటి ఎరుపు. ముప్పై మూడు పసుపు."

"వరస చివర ఈ సున్నా?"

"అది చాలా ముఖ్యమండీ. రంగు పని అయిపోయింది, మామూలు రంగుకు రా అని. అది పెట్టడం మర్చిపోతే ఆ తర్వాత వచ్చేదంతా అదే రంగులో వస్తుంది. కుళాయి కట్టకుండా వెళ్ళిపోయినట్టు. కొత్తలో అందరూ చేసే తప్పే."

"ప్రమాదం రాసే వరస ఏది?"

ఇంజనీరు కిందికి జరిపాడు. జరిపి ఆగాడు. ఆ వరస మిగతావాటిలా లేదు. ముందర \033[30m అని ఉంది. చివర సున్నా లేదు.

"ఇక్కడ ముప్పై అని ఉందే," అంది పిన్నిగారు. "అదేం రంగు?"

ఇంజనీరు ఆ అంకె మీద వేలు పెట్టాడు.

"నలుపండీ."

ముగ్గురూ ఒకేసారి తెర వైపు చూశారు. నల్లటి తెర.

"అంటే," అంది పిన్నిగారు నెమ్మదిగా, "హెచ్చరిక వచ్చింది. నలుపు మీద నలుపు. అందిందా అని అడిగింది, అదీ నలుపే. ఈయన కొట్టిన ప్రతి అక్షరమూ పడింది. నల్లగా పడింది. కీబోర్డు చచ్చిపోలేదు, నిక్షేపంలా ఉంది. ఇన్‌స్పెక్టరుగారు చెప్పింది అక్షరాలా నిజం."

ఇన్‌స్పెక్టరు మెడ ఎర్రబడింది. అయినా తగ్గలేదు. "ఫైలు మార్చింది ఎవరి పేరు మీద?"

"ఆపరేటరు లాగిన్ మీదే ఉందండీ," అన్నాడు ఇంజనీరు, పోయిన వారం తేదీ చూపిస్తూ.

"అయిపోయింది! మాటిమాటికీ లేచి సైరన్ నొక్కే బాధ లేకుండా తనే మార్చుకున్నాడు. మీరు నాకు కొత్త సెక్షను ఇచ్చారు మేడమ్, ధన్యవాదాలు."

"పాస్‌వర్డు ఎవరెవరికి తెలుసు?"

ఇంజనీరు సిగ్గుపడుతూ మానిటరు కింది అంచు చూపించాడు. కాగితం ముక్క మీద పాస్‌వర్డు రాసి టేపుతో అంటించి ఉంది. గది ఊడ్చేవాళ్ళ దగ్గర్నుంచి అందరికీ తెలుసన్నమాట.

"ఇంకో మాటండీ," అన్నాడు ఇంజనీరు. "ఇది నా రాత కాదు. నేను ఎప్పుడూ వెనక్కి వాలిన గీత, పక్కన ఇంగ్లీషు 'ఈ' అక్షరం రాస్తాను. దానికి బదులు ముందర ఇలా సున్నా ముప్పై మూడు అని రాయడం పాతకాలం వాళ్ళ అలవాటు. అప్పటి యంత్రాల్లో చాలాచోట్ల నా పద్ధతి పనిచేసేది కాదు. మా ఆపరేటరుగారికి అసలు స్క్రిప్టు తెరవడమే రాదు."

"అయితే రాసిందెవరు? ఊహలొద్దు, చూపించండి," అన్నాడు ఇన్‌స్పెక్టరు పిన్నిగారితో. "సాయంత్రం దాకా కూడా ఆగను. ఇప్పుడే."

"ఇప్పుడేనా? సరే. మీరు కాసేపు నోరు మెదపకుండా ఉండగలరా? కష్టమని తెలుసు." పిన్నిగారు ఇంజనీరు వైపు తిరిగింది. "నిజంగా గ్యాసు లేకుండా ఉత్తుత్తి హెచ్చరిక రప్పించే వీలుందా?"

"ఉందండీ. పరీక్ష కోసం పెట్టుకున్నాను."

"పెట్టు. తర్వాత కీబోర్డు మీద నుంచి చెయ్యి తీసేయ్. మేనేజరుగారిని ఒకసారి పిలుద్దాం."

మేనేజరు వచ్చేసరికి ఆకుపచ్చ వరసలు ఆగిపోయి ఉన్నాయి. కింద ఖాళీ నలుపు. పిన్నిగారు కీబోర్డు మీద టకటకా కొడుతోంది, అక్షరం పడడం లేదు.

"చూడండి సార్, మళ్ళీ చచ్చింది," అంది సంబరంగా. "ఆపరేటరు చెప్పింది నిజమే. దీన్ని ఎవ్వరూ తాకకండి. ఫొటోలు తీసేవాణ్ణి పిలిపిస్తాను, వచ్చేదాకా ఇలాగే ఉండాలి. ఒక గంట పట్టొచ్చు."

"గంటా? గదులు చూసేది ఇదొక్కటేనండీ. ఇది ఆగితే లోపల ఏం జరుగుతుందో ఎలా తెలుస్తుంది?"

"ఏం చేస్తాం? ఇంజనీరు గారికే చేతకావడం లేదు."

"ఇంతోటి దానికి..."

మేనేజరు ముందుకు వంగాడు. ఎడం చేత్తో రెండు మీటలు కలిపి నొక్కాడు. కుడి చేతి వేళ్ళు అయిదు మీటల మీద గబగబా నడిచి ఎంటర్ మీద ఆగాయి. అంతసేపూ తెర మీద ఏమీ కనిపించలేదు. ఒక్క క్షణం తర్వాత తెరంతా తుడిచినట్టయి, పై మూలన తెల్లటి గుర్తు మినుకుమినుకుమంటూ ప్రత్యక్షమైంది.

ఇంజనీరే ముందు తేరుకున్నాడు.

"సార్, మీరు రీసెట్ కొట్టారు. నడిచేది ఆపేసి, తెరను మామూలు రంగుకు తెచ్చే మాట అది."

"ఏదో... చెయ్యి తగిలి..."

"చెయ్యి తగిలితే అయిదక్షరాల మాట పడుతుందా అండీ?" అంది పిన్నిగారు. "అందులోనూ కనిపించకుండా. కీబోర్డు చచ్చిందని మేమంతా అనుకుంటుంటే, అది బతికే ఉందనీ, అక్షరాలు నల్లగా పడుతున్నాయనీ, రంగు ఒక్కటి సరిచేస్తే చాలనీ టీవీ చూసే మనిషికి ఎలా తెలిసింది?"

మేనేజరు తను కొట్టిన మీటల వైపే చూస్తూ నిలబడిపోయాడు. తర్వాత పక్కనున్న ఖాళీ కుర్చీలో కూర్చున్నాడు. ఆపరేటరు కూర్చునే కుర్చీ అది.

"కుర్రతనంలో ఇదే పనండీ," అన్నాడు. "అర్ధ జీవితం ఇలాంటి తెరల ముందే గడిపాను. మేనేజరునయ్యాక తెలియదంటే పోయేది, ఎవరూ పనులు చెప్పకుండా ఉండేవారు." "పోయిన వారం సరుకు పెట్టేవాళ్ళు చూడ్డానికి వచ్చారు. పెద్ద కంపెనీ. మూడో గదిలో వాల్వు అప్పుడప్పుడూ కాస్త వదులుతుంది. వాళ్ళు ఇక్కడ నిలబడి ఉండగా ఎర్రగా పడితే ఏం బాగుంటుంది? ఆ గంటసేపు కనిపించకపోతే చాలనుకున్నాను. పాతకాలపు అలవాటు, ఒక్క అంకె. సున్నా పెట్టడం కూడా మర్చిపోయాను, తొందరలో."

"తర్వాత తిరిగి మార్చలేదేం?"

"రేపు మారుద్దాం, రేపు మారుద్దాం అనుకున్నానండీ. మెకానిక్కు పడిపోయాక ఫైలు ముట్టుకోవాలంటే భయమేసింది."

ఇంజనీరు మొహం తిప్పుకున్నాడు. పిన్నిగారికి ఆయన మీద కోపం రావాలి, వచ్చింది కూడా. కానీ కోపం కన్నా ఎక్కువగా అసహ్యం వేసింది, ఒక మనిషి అరెస్టుకు సిద్ధమై చెప్పులు సగం తొడుక్కుని వెళ్తుంటే ఇంకో మనిషి గదిలో కూర్చుని ఊరుకోగలిగాడని.

ఇన్‌స్పెక్టరు టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. "ఆపరేటరును అరెస్టు చేయడం లేదు," అన్నాడు, పిన్నిగారి వైపు చూడకుండా. ఆయన నోటి నుంచి క్షమాపణ అంటే అంతే. ఆవిడ దాన్ని అంతకన్నా పిండదలచుకోలేదు.

"ముందు ఆ అంకె సరిచెయ్యి బాబూ," అంది.

ఇంజనీరు ముప్పైని ముప్పై ఒకటి చేశాడు. చివర సున్నా పెట్టాడు. స్క్రిప్టు మళ్ళీ నడిపించాడు.

ఒకటో గది, సరే. ఆకుపచ్చ.

రెండో గది, సరే. ఆకుపచ్చ.

మూడో వరస ఎర్రగా పడింది.

"పరీక్ష ఇంకా తీసేయలేదా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ఇంజనీరు మొహంలో రక్తం లేదు. "తీసేశానండీ. ఇది ఉత్తుత్తిది కాదు. పొద్దున్న యంత్రాలు ఆడించారు కదా, అదే వాల్వు. మూడో గది."

పిన్నిగారు అప్పటికే గోడ దగ్గరుంది. సైరన్ మీట బలంగా నొక్కి పట్టుకుంది. కిటికీ అద్దాలు గలగల్లాడాయి. కిటికీలోంచి ఆవరణకు అవతల నాలుగు గదుల తలుపులూ వరసగా కనిపిస్తున్నాయి. మందంగా, తెల్లగా, చల్లదనం పోకుండా వాటంతట అవే మూసుకునే తలుపులు. మూడోది మూసి ఉంది.

"మావాడూ ఆపరేటరూ లోపలున్నారు," అన్నాడు ఇన్‌స్పెక్టరు. వెంటనే తనకు తనే ధైర్యం చెప్పుకున్నాడు. "ఫర్వాలేదు. సైరన్ వినిపిస్తుందిగా. వచ్చేస్తారు."

ముగ్గురూ ఆ తలుపు వైపే చూస్తున్నారు. తలుపు కదల్లేదు.

"రాలేరు సార్," అన్నాడు మేనేజరు. కుర్చీలోంచి లేవలేదు. "లోపలి పిడి విరిగి నెలైంది. బయట నుంచి ఎవరైనా తీస్తేనే. మొన్న మెకానిక్కు కూడా..."

మిగతా మాట వినడానికి ఇన్‌స్పెక్టరు లేడు. మెట్ల మీద ఆయన బూట్ల చప్పుడు ఒకదాని మీద ఒకటి పడుతూ కిందికి పోయింది. వెనకే ఇంజనీరు. పిన్నిగారు మీట మీద నుంచి చెయ్యి తీయకుండా, కిటికీలోంచి ఆవరణలో పరిగెత్తుతున్న ఇద్దరినీ, ఇంకా చాలా దూరంలో ఉన్న ఆ తెల్లటి తలుపునూ చూస్తూ నిలబడింది.